న్యూయార్క్ చూడ్డానికి పాస్ కొనాలా, విడి టికెట్లే చాలా?

ఒకే ధర కట్టి చాలా చూడదగ్గ చోట్లకు వెళ్ళగలిగే టూరిస్ట్ పాస్ అమ్మే ప్రతి పేజీ మీదా ఇంత శాతం ఆదా అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. అది అబద్ధం కాదు, కానీ మీ ఇంటి లెక్క కూడా కాదు. పెద్దవాళ్ళ పూర్తి టికెట్ ధరలు తీసుకుని, పాస్‌లో ఉన్న ఖరీదైన చోట్లన్నీ చూసేస్తారనుకుని కట్టిన లెక్క అది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, బడికెళ్ళే పిల్లలను వెంటబెట్టుకుని న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచో జెర్సీ సిటీ నుంచో శని, ఆదివారాల్లో న్యూయార్క్ వెళ్ళే కుటుంబానికి ఆ లెక్క చాలాసార్లు నప్పదు. ఒకే ఇంట్లో అమ్మకు పాస్ లాభించి నాన్నకు నష్టం రావచ్చు. అందుకే కుటుంబం మొత్తానికి ఒకేసారి కాకుండా ఎవరి లెక్క వాళ్ళకి విడిగా వేయాలి. ఒక కాగితం, పెన్ను, గంట తీరిక ఉంటే ఇంట్లోనే తేలిపోతుంది.

ముందుగా: పాసులు మూడు రకాలు

మొదటిది, చోట్లు దాదాపుగా ముందే ఖాయమైన పాస్. న్యూయార్క్ సిటీపాస్ ఇలాంటిదే. మొత్తం 5 చోట్లు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ రెండూ తప్పనిసరిగా ఉంటాయి. మిగతా మూడింటిని లిబర్టీ విగ్రహం ఫెర్రీ, 9/11 మ్యూజియం, టాప్ ఆఫ్ ద రాక్ (రాక్‌ఫెల్లర్ సెంటర్ భవనం పై అంతస్తు), సర్కిల్ లైన్ పడవ షికారు, ఇంట్రెపిడ్ యుద్ధనౌక మ్యూజియం, గుగెన్‌హైమ్ కళా మ్యూజియంల నుంచి మీరు ఎంచుకోవాలి. మొదటి చోట పాస్ స్కాన్ చేయించిన రోజు నుంచి వరసగా 9 రోజులు చెల్లుతుంది. సిటీపాస్‌వాళ్ళే సి3 అని 3 చోట్ల చిన్న పాస్ కూడా అమ్ముతారు.

రెండోది, ఇన్ని చోట్లు అని కొనుక్కునే పాస్. గో సిటీ అనే కంపెనీ అమ్మే ఎక్స్‌ప్లోరర్ ఇలాంటిది. పెద్ద జాబితాలోంచి మీకు నచ్చినవి తీసుకోవచ్చు, మొదటిసారి వాడాక 60 రోజుల గడువు ఉంటుంది.

మూడోది, ఇన్ని రోజులు అని కొనేది. ఆ రోజుల్లో ఎన్ని చూడగలిగితే అన్ని చూడొచ్చు. గో సిటీ అమ్మే న్యూయార్క్ పాస్ ఈ రకం. ఇక్కడ రోజంటే 24 గంటలు కాదు, క్యాలెండర్ రోజు. మధ్యాహ్నం 3 గంటలకు మొదటి స్కాన్ చేయించినా ఆ రోజు ఖర్చయిపోయినట్టే. రోజులు వరసగా నడుస్తాయి, మధ్యలో విశ్రాంతి తీసుకున్నా లెక్క ఆగదు.

ఈ మూడింటిలో దేనిలోనూ మెట్రో ఛార్జీ కలవదు. 2026 జనవరి నుంచి సబ్‌వే ఒక్క ప్రయాణానికి 3 డాలర్లు. న్యూజెర్సీ రైలు టికెట్ దానికి అదనం. పాస్ కొంటే తిరుగుడు ఖర్చు కూడా తీరిపోతుందనుకుని బడ్జెట్ వేసుకోకండి.

1. పాస్ పేజీ మూసేసి జాబితా రాయండి

ఈ క్రమం తప్పకూడదు. పాస్ జాబితా ముందు పెట్టుకుంటే అందులో ఉన్నవన్నీ చూడాల్సినవే అనిపిస్తాయి. పేజీ మూసేసి, పాస్ అనేదే లేకపోతే టికెట్ కొని మరీ ఎక్కడికి వెళ్తారో ఒక్కొక్కరిని అడిగి రాయండి. అమ్మకు లిబర్టీ విగ్రహం, మనవడికి డైనోసార్లు, నాన్నకు ఎంపైర్ స్టేట్ అని తేలితే జాబితా అక్కడికి ఆగాలి. "ఎలాగూ పాస్‌లో ఉంది కదా" అని తర్వాత చేరే చోటు ధరను ఆదాలో కలపకూడదు.

2. డబ్బు అక్కర్లేనివి, పాస్ ఇవ్వనివి పక్కన పెట్టండి

మనవాళ్ళ జాబితాలో సగం ఉచితమే. టైమ్స్ స్క్వేర్, సెంట్రల్ పార్క్, బ్రూక్లిన్ బ్రిడ్జి, హై లైన్ పార్కు, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కు టికెట్ లేదు. 9/11 దగ్గర జంట టవర్లుండిన చోట కట్టిన రెండు నీటి కొలనుల స్మారకం కూడా ఉచితం, డబ్బు కట్టేది నేల కింద ఉన్న మ్యూజియానికే. ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్ళి కింద క్యాంటీన్లో దోసె తినాలని ఉంటే దానికీ పూట పడుతుంది. రోజుల లెక్కలో అది తప్పకుండా రాసుకోండి. రోజుల పాస్ నడుస్తున్నప్పుడు ఉచితంగా చూసేచోట గడిపిన పూట ఆ మేరకు పాస్ డబ్బు పోయినట్టే.

లిబర్టీ విగ్రహం విషయంలో ఒక్క ప్రశ్న వేసుకోండి: దూరం నుంచి చూసి ఫొటో తీసుకుంటే చాలా, దీవిలో దిగాలా? చూస్తే చాలంటే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉంది. మన్‌హట్టన్ కొస నుంచి పగలూ రాత్రీ నడుస్తుంది, దాదాపు 25 నిమిషాల ప్రయాణం, పైసా ఖర్చు లేదు, విగ్రహం ముందు నుంచే వెళ్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇదే హాయి. దీవిలో దిగాలంటే మాత్రం అధికారిక ఫెర్రీ స్టాచ్యూ సిటీ క్రూయిజెస్ ఒక్కటే.

విగ్రహం పీఠం పైకో, కిరీటంలోకో ఎక్కాలనుకునేవాళ్ళు ఆ ఫెర్రీకి పాస్ వాడకండి. పాస్‌లో వచ్చేది మామూలు టికెట్, దాంతో లోపలికి ఎక్కనివ్వరు. నేరుగా కొంటే పీఠానికీ కిరీటానికీ మామూలు టికెట్ మీద అదనంగా పడేది సెంట్లలోనే. కష్టమంతా దొరకడంలో ఉంది: కిరీటం టికెట్లు చాలా ముందే అయిపోతాయి. పీఠం పైనుంచి కిరీటానికి 162 మెట్లు, ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్ళకు ఆ సంగతి ముందే చెప్పండి.

మెట్ (మెట్రోపాలిటన్) మ్యూజియం, మోమా అనే ఆధునిక కళల మ్యూజియం సిటీపాస్‌లో లేవు. వాటికి పెద్దలకు 30, 65 నిండినవాళ్ళకు 22 డాలర్ల చొప్పున విడిగా పెట్టుకోవాలి. పిల్లలకు మెట్‌లో 12 ఏళ్ళ లోపు, మోమాలో 16 వరకు ఉచితం. మెట్ బుధవారం మూస్తారు, 9/11 మ్యూజియానికి సెలవు మంగళవారం.

3. మనిషికో వరస గీసి అసలు ధర వేయండి

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. పాస్‌లో పెద్దలు, పిల్లలు అని రెండే ధరలుంటాయి, వృద్ధుల ధర ఉండదు. విడి టికెట్లలో మాత్రం వృద్ధులకు తగ్గింపు ఉంది. ఆ వయసు అన్నిచోట్లా ఒకటి కాదు: లిబర్టీ ఫెర్రీకి 62 నిండితే చాలు, మెట్, మోమాల్లో 65 నిండాలి. వయసు అడిగితే చూపడానికి పాస్‌పోర్ట్ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి.

పిల్లల వయసులు కూడా అంతే. సిటీపాస్ పిల్లల ధర 6 నుంచి 17 ఏళ్ళకు. లిబర్టీ ఫెర్రీలో పిల్లలంటే 4 నుంచి 12, నాలుగేళ్ళ లోపు ఉచితం. అయిదేళ్ళ బిడ్డకు పాస్ ఊసే ఎత్తనక్కర్లేదు.

ఇక ఇక్కడ ఉండేవాళ్ళ సంగతి. నేచురల్ హిస్టరీ మ్యూజియంలో న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ నివాసులు తమకు తోచినంత ఇచ్చి లోపలికి వెళ్ళొచ్చు. న్యూజెర్సీ లైసెన్స్ ఉన్న కొడుకూ కోడలూ ఆ మ్యూజియం గడిలో 30 డాలర్లు వేసుకోకూడదు, 5 అనో 10 అనో వేసుకోవాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇది వర్తించదు. మెట్‌లో ఈ సౌకర్యం న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళకు, ఆ మూడు రాష్ట్రాల విద్యార్థులకు మాత్రమే. ఎంఎస్ చదువుతున్న మన పిల్లలు యూనివర్సిటీ ఐడీ కార్డు మర్చిపోకూడదు.

ఇంకో సంగతి చాలా ఇళ్ళలో తెలియదు. న్యూజెర్సీ టౌన్ లైబ్రరీల్లో చాలావాటిలో మ్యూజియం పాసులు పుస్తకాల్లాగే అరువిస్తారు. న్యూయార్క్ నగరంలో ఉండేవాళ్ళకు లైబ్రరీ కార్డు మీద కల్చర్ పాస్ అనే పథకం ఉంది. మీ లైబ్రరీ వెబ్‌సైట్లో మ్యూజియం పాస్ అని వెతకండి, ఏ మ్యూజియం, ఎంతమందికి, ఏ తేదీ ఖాళీ అన్నీ కనిపిస్తాయి. వేసవి శనివారాలకు గిరాకీ ఎక్కువ, అందుకని అమ్మానాన్నల విమానం టికెట్ బుక్ చేసిన వారమే ఇది కూడా చూడండి. 9/11 మ్యూజియం సోమవారం సాయంత్రాలకు కొద్ది ఉచిత టికెట్లు అదే రోజు పొద్దున ఆన్‌లైన్లో వదులుతుంది. ఇంటి నుంచి పని చేసే రోజు సోమవారమైతే ప్రయత్నించదగ్గదే.

ఇప్పుడు ఒక నమూనా వేద్దాం. ఈ ధరలు ఉజ్జాయింపుగా వేసినవి, పద్ధతి చూపడానికే. ఎంపైర్ స్టేట్ లాంటి చోట్ల తేదీని బట్టీ గంటను బట్టీ ధర మారుతుంది, మీ తేదీకి వెబ్‌సైట్ చూపే ధరే వేసుకోండి. సిటీపాస్ పెద్దలకు 150 డాలర్లు అనుకుందాం.

అమ్మ, 58 ఏళ్ళు: ఎంపైర్ స్టేట్ 48, లిబర్టీ ఫెర్రీ 25, నేచురల్ హిస్టరీ 30, 9/11 మ్యూజియం 36. మొత్తం 139.

నాన్న, 66 ఏళ్ళు: అవే నాలుగు వృద్ధుల ధరకు 46, 22, 24, 30. మొత్తం 122.

కొడుకు, న్యూజెర్సీ నివాసి: ఎంపైర్ స్టేట్ 48, ఫెర్రీ 25, నేచురల్ హిస్టరీ 5, 9/11 మ్యూజియం 36. మొత్తం 114.

నాలుగు చోట్లకే అయితే ఎవరికీ పాస్ గిట్టదు. అయిదో చోటుగా 40 డాలర్ల సర్కిల్ లైన్ పడవ చేర్చారనుకోండి. అమ్మకు 179 అవుతుంది, పాస్‌తో 29 మిగులుతుంది. నాన్నకు వృద్ధుల ధర 36 వేసినా 158, మిగిలేది 8 డాలర్లు. కొడుక్కి 154, మిగిలేది 4. అంటే లెక్కంతా ఆ అయిదో చోటు మీద ఆధారపడి ఉంది. ఫెర్రీ ఎక్కి దీవి చూసొచ్చిన కుటుంబం మళ్ళీ ఇంకో పడవ నిజంగా ఎక్కుతుందా? ఈ ప్రశ్నకు జవాబు అమ్మానాన్నల్నే అడగండి. ఎక్కం అంటే లెక్క అక్కడితో తేలిపోయింది, విడి టికెట్లు కొనండి. 4, 8 డాలర్ల మిగులు కోసమైతే పాస్ వద్దనే మా మాట. ఒక్క చోటు తప్పినా ఆ మిగులు పోయి ఎదురు నష్టం వస్తుంది.

4. రోజుకు ఎన్ని చోట్లు పడతాయో నిజాయితీగా రాయండి

లిబర్టీ దీవి, అదే ఫెర్రీ ఆగే ఎల్లిస్ దీవి (వలస వచ్చినవాళ్ళ మ్యూజియం ఉన్నది) రెండూ: సెక్యూరిటీ వరస నుంచి తిరిగి ఒడ్డు చేరేదాకా 4 నుంచి 5 గంటలు. మధ్యాహ్నం బాగా పొద్దుపోయాక ఎక్కితే రెండు దీవులకూ టైం చాలదు. పొద్దున మొదటి ఫెర్రీల్లో ఒకటి పట్టుకోవాలి. 9/11 మ్యూజియం: 2 నుంచి రెండున్నర గంటలు. ఎంపైర్ స్టేట్: వరసలతో కలిపి గంటన్నర నుంచి 2 గంటలు. నేచురల్ హిస్టరీ: పిల్లలుంటే 3 గంటలకు తక్కువ కాదు. ఫెర్రీ ఎక్కే కింది కొస బ్యాటరీ పార్క్ నుంచి మిడ్‌టౌన్‌కు నడక, సబ్‌వే కలిపి ఇంకో 40 నిమిషాలు.

ఎడిసన్ నుంచి పెన్ స్టేషన్‌కు రైల్లో దాదాపు గంట. ఇంటి దగ్గర టిఫిన్లు కానిచ్చి బయల్దేరితే ఊళ్ళో అడుగు పెట్టేసరికి పదిన్నర. అరవై దాటినవాళ్ళతో రోజుకు 2 చోట్లు హాయిగా అవుతాయి, మూడోది ఉరుకులు పరుగులే. రోజుల పాస్ గిట్టాలంటే రోజుకు మూడు, నాలుగైనా చూడాలి. అందుకే అమ్మానాన్నలతో వెళ్ళే ఇంటికి రోజుల పాస్ పనికిరాదు. మన్‌హట్టన్‌లోనే హోటల్ తీసుకుని, పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి రాత్రి పది దాకా తిరగగలిగే కుర్రకారుకు అది పనికొస్తుంది.

రోజుల పాస్‌లో ఇంకో చిక్కు: ఎక్కి దిగే టూర్ బస్సు. దాని పూర్తి ధర ఆదాలో పెద్ద ముక్కగా కనిపిస్తుంది. మిడ్‌టౌన్ ట్రాఫిక్‌లో ఆ బస్సు నత్తనడక నడుస్తుంది. కాళ్ళు నొప్పులున్నవాళ్ళను కూర్చోబెట్టి ఊరు చూపడానికి మంచిదే, కానీ ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చేరే సాధనంగా నమ్ముకోకండి.

5. చోట్ల పాస్ అయితే ఖరీదైనవే అందులో పెట్టండి

పాస్ ధరను చోట్ల సంఖ్యతో భాగించండి. 150 డాలర్లకు 5 చోట్లంటే చోటుకు 30. అంతకంటే తక్కువ టికెట్ ఉన్న చోటుకు పాస్ వాడితే ఆ మేరకు చేతి డబ్బు పోయినట్టే. ఎక్స్‌ప్లోరర్, సి3 లాంటివి తీసుకుంటే ఎంపైర్ స్టేట్, 9/11 మ్యూజియం, సర్కిల్ లైన్ లాంటి ఖరీదైన వాటికి పాస్ వాడి, 25 డాలర్ల లిబర్టీ ఫెర్రీ టికెట్ నేరుగా కొనడమే తెలివైన పని. పాస్‌లో ఉంది కదా అని చౌకైన ఫెర్రీకి ఒక చోటు వాడేసుకోవడం మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు.

ఎత్తైన భవనాల పై అంతస్తులు రెండింటిని పాస్‌లో పెట్టాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కనిపించేది అదే ఊరు. ఒకటి పగలు, ఒకటి రాత్రి అయితే తేడా ఉంటుంది. ఒక్కటే చాలంటే మా ఓటు టాప్ ఆఫ్ ద రాక్‌కు: అక్కడి నుంచి ఎంపైర్ స్టేట్ కూడా కనిపిస్తుంది. ఎంపైర్ స్టేట్‌కు పాస్‌లో వచ్చేది 86వ అంతస్తు వరకే, 102వ అంతస్తుకు విడిగా కట్టాలి. సమ్మిట్ అనే ఇంకో ఎత్తైన భవనం పై అంతస్తులో నేలంతా అద్దాలు, ప్యాంటు వేసుకుని వెళ్ళడం మేలు, అమ్మకు ముందే చెప్పండి. ఇంట్రెపిడ్ యుద్ధనౌక పిల్లలకు పండగే, కానీ దాని పక్కనున్న జలాంతర్గామిలో తలుపులు ఇరుకుగా, ఎత్తు గడపలతో ఉంటాయి. మోకాళ్ళు వంగనివాళ్ళు బయటే ఆగడం మంచిది.

6. డబ్బు కట్టే ముందు స్లాట్లు చూడండి

పాస్ చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి పంపరు. చాలా చోట్ల పాస్ ఉన్నవాళ్ళూ తేదీ, గంట ముందే బుక్ చేసుకోవాలి. ఎంపైర్ స్టేట్‌లో సూర్యాస్తమయం వేళ స్లాట్లు ముందే నిండిపోతాయి, ఆ వేళకు ధర కూడా ఎక్కువ. అందుకని పాస్ కొనకముందే ఆయా చోట్ల వెబ్‌సైట్లు తెరిచి మీ శని, ఆదివారాల్లో పాస్‌వాళ్ళకు ఖాళీ ఉందో లేదో చూడండి. రెండు ముఖ్యమైన చోట్లు దొరక్కపోతే పాస్ ఆలోచన మానుకోండి.

పాస్ ఉంటే వరస తప్పుతుందన్న మాటకు అర్థం టికెట్ కౌంటర్ వరస తప్పుతుందనే. సెక్యూరిటీ వరస అందరికీ ఒకటే. ఆన్‌లైన్లో విడి టికెట్ కొన్నవాళ్ళకూ కౌంటర్ వరస ఉండదు, కాబట్టి ఇది పాస్‌కే ఉన్న లాభమని లెక్కలో వేసుకోనక్కర్లేదు.

స్కాన్ కాని పాస్‌ను వెనక్కి తీసుకునే గడువెంతో, అది కొన్న రోజు నుంచా ఇంకే రోజు నుంచా అన్నది చెల్లింపు పేజీలోనే చదివి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఒక్కసారి స్కాన్ అయితే వాపసు ఉండదు.

7. మొదటి స్కాన్ ఏ రోజు చేయించాలి

సిటీపాస్ 9 రోజుల గడువు వారాంతాల్లో తిరిగేవాళ్ళకు చక్కగా కుదురుతుంది, కానీ శనివారం మొదలుపెడితేనే. శనివారం ఒకటో రోజు అయితే తర్వాతి ఆదివారం తొమ్మిదో రోజు: నాలుగు సెలవు రోజులు దొరికినట్టు. ఆదివారం మొదలుపెడితే మూడే దొరుకుతాయి. నాలుగు రోజుల్లో 5 చోట్లంటే పెద్దవాళ్ళక్కూడా భారం కాదు. వారాలు విడిచి విడిచి వెళ్ళేవాళ్ళకు 60 రోజుల ఎక్స్‌ప్లోరరే నయం.

విమానం దిగిన మొదటి వారాంతంలో మొదలుపెట్టకండి. ఇండియాకూ న్యూయార్క్‌కూ ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటల తేడా. మధ్యాహ్నం రెండింటికి అమ్మానాన్నలకు కళ్ళు మూతలు పడుతుంటాయి, అప్పటికే పాస్ గడువు నడుస్తుంటుంది.

వెళ్ళిన రోజు

బ్యాటరీ పార్క్ దగ్గర చొక్కా మీద కోటులాంటిది తొడుక్కుని, బ్యాడ్జీ తగిలించుకుని ఫెర్రీ టికెట్లు అమ్మేవాళ్ళు ఎదురుపడతారు. వాళ్ళు అమ్మే పడవలు చాలావరకు విగ్రహం చుట్టూ తిప్పి తెచ్చేస్తాయి, దీవిలో దింపవు. ఆగకుండా ముందుకు నడవండి. కారులో వెళ్ళే న్యూజెర్సీవాళ్ళు బ్యాటరీ పార్క్ దాకా పోనక్కర్లేదు, జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్క్ నుంచి అదే ఫెర్రీ ఎక్కొచ్చు, పార్కింగ్ అక్కడే ఉంది. ఏ ఒడ్డు నుంచి ఎక్కుతున్నారో బుక్ చేసేటప్పుడే ఎంచుకోవాలి.

పాస్‌లు నలుగురివీ ఒకే ఫోన్‌లో పెట్టుకుంటే ఇద్దరు విడిపోయినప్పుడు ఇబ్బంది. ఎవరి క్యూఆర్ కోడ్ వాళ్ళ ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా ఉంచండి, అమ్మానాన్నలవి ఒక కాగితం మీద ప్రింట్ కూడా తీయండి. మెట్‌లోనూ నేచురల్ హిస్టరీలోనూ వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు, లోపలికి వెళ్ళగానే అడగండి. సూట్‌కేసులు, పెద్ద సంచులు వెంట తీసుకెళ్ళకండి, చాలా చోట్ల అనుమతించరు.

మబ్బు పట్టిన రోజు ఎంపైర్ స్టేట్ పైనుంచి తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు. పొద్దున బయల్దేరే ముందే వాతావరణం చూసి, ఆ రోజు మ్యూజియంతో మొదలుపెట్టి పై అంతస్తు స్లాట్‌ను తర్వాతి రోజుకు మార్చుకోండి. ఇలా మార్చుకోవడానికి వీలుండేలా ఎంపైర్ స్టేట్‌ను చివరి ఆదివారానికి కాకుండా ముందు రోజుల్లో పెట్టుకోవాలి.